నూరి పంపిన రాళ్లు

గుట్టకిందిపల్లె
4 జూన్ 2023

బిడ్డ స్వర్ణలతకు,

మీ పెంటయ్య కాక దీవించి రాస్తున్న. మీ బాపు మోకాళ్లు ఎట్లున్నయి? మీ అమ్మ ఇంకా ఎయిర్‌పోర్టుల ఊడ్సనీకి పోతున్నదా? చలికాలం తర్వాత మీ దిక్కు రాలేకపోయిన. మనసుల పెట్టుకోకుండ్రి.

ఒక పని పడ్డది. ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయరాదా అనకు. బావుల్ల తూటాలు పేల్చి వినబడకుండ పోయిన చెవులు ఇవి, నీకు తెల్సు కదా. మెసేజి పెడితే మా లక్ష్మణ్ సదివి, వానికి నచ్చిన కాడికే చెప్తడు. నాకు అక్షరాలు నేర్పిచ్చిందే నువ్వు. నువ్వు ఒకటో తరగతిల ఉండంగ నీ పలక పక్కన కూసోని నేర్సుకున్న. గందుకే నీకే రాస్తున్న, తప్పులుంటే నీయే.

సంగతి ఏందంటే, మా గుట్ట మీద మల్ల బోర్లు ఏస్తరని మాట పుట్టింది. ఎన్నడో ఒకతాప సర్కారోళ్లు క్యాంపు ఏసి, లోపలి రాయి తీసి, ఎల్లిపోయిండ్రు. అందుల యురేనియం ఉన్నదంటరు. గుట్ట కిందనే మన చెల్క భూమి. ఇగ ఊర్ల మనుషులకు బుగులు పట్టింది. నీళ్లల్ల ఇసం ఉన్నదని ఒకడు, మట్టిల ఉన్నదని ఒకడు. లక్ష్మణ్ భూమి అమ్ముదామంటుండు. వచ్చి షంషాబాద్‌ల కిరాయికి ఉందామంటడు. వాడు ఉత్తగ అంటలేడు, కోడలు రేఖకు ఇప్పుడు నాలుగో నెల.

నేను కాదంటున్న. ఎందుకో నీకు చెప్పేదేమున్నది. తొండుపల్లిల మా అవ్వను, నాయినను మన పొలం గట్టునే మట్టిల పెట్టుకుంటిమి. పొలం ఎయిర్‌పోర్టుల పోయినంక వాళ్ల మీదికెల్లి విమానాలు దిగుతున్నయి. ఇప్పుడు ఈడ, బోరు పక్కన మీ చిన్నమ్మను పెట్టుకున్న. ఆమె పోయి ఏడాది సుత కాలేదు. మల్ల ఇడిసిపెట్టి పోమంటే ఎట్ల పోవాలె?

కొట్లాడి కొట్లాడి ఆఖరుకు ఒక మాట అనుకున్నం. నువ్వు రాళ్లను పరీక్ష చేసే కాడ పని చేస్తవు కదా. మన చెల్కల రాళ్లు పంపుత. ఇసం ఉన్నదని నువ్వు రాస్తే అమ్ముతం. లేదని రాస్తే ఉంటం. లక్ష్మణ్ సుత ఒప్పుకున్నడు. ఇగ నీ మాటే ఆఖరు.

జర తొందరగ రాయి.

మీ కాక
పెంటయ్య


సాతంరాయి
14 జూన్ 2023

కాకాకు,

నీ ఉత్తరం అందరం చదువుకున్నాం. బాపు మొదట నవ్వాడు, తొండుపల్లి మాట రాగానే లేచి బయటికి పోయాడు. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. అయినా ఎయిర్‌పోర్టు దారిలో పూలచెట్లకు నీళ్లు పెట్టే పని మానలేదు. అమ్మ పొద్దుటి షిఫ్టులో ఉంది.

కాకా, అంత పెద్ద మాట నా మీద పెట్టకు. నేను చెప్పేది నా మాట కాదు, యంత్రం చూపించేది. అది నీకు నచ్చినా, లక్ష్మణన్నకు నచ్చినా, ఇద్దరికీ నచ్చకపోయినా అదే రాస్తాను. దానికి ఒప్పుకుంటేనే పంపు.

మా ప్రయోగశాల కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక ఉంది. విదేశాలకు పోయే గ్రానైటు పలకలు, ఇసుక, సిమెంటు మా దగ్గరికి వస్తాయి. వాటిలోంచి ఎంత రేడియోధార్మికత వస్తుందో కొలిచి కాగితం ఇస్తాం. రేడియోధార్మికత అంటే, కొన్ని రాళ్లు లోపలి నుంచి కంటికి కనబడని కిరణాలను విడుస్తుంటాయి. ప్రతి రాయిలోనూ ఎంతో కొంత ఉంటుంది. మా ఇంటి గడపలో ఉంది, నువ్వు కూర్చునే బండలో ఉంది. ఎంత అన్నదే ప్రశ్న.

పరీక్ష ఇలా చేస్తాం. రాయిని పిండిలా మెత్తగా చేయాలి. ఆ పొడిని డబ్బాలో నింపి, గాలి పోకుండా మూసి, నెల రోజులు పక్కన పెట్టాలి. రాయిలోంచి ఒక వాయువు వస్తుంది, అది లోపలే నిలిస్తేనే లెక్క సరిగ్గా వస్తుంది. తరువాత సీసపు గోడల పెట్టెలో పెడితే, లోపల ఉన్నది యురేనియమా, మరొకటా అని యంత్రం విడివిడిగా చూపిస్తుంది. అందుకే తొందరగా రాయమంటే కుదరదు. మా పెద్దసారు వీరేందర్ గారిని అడిగాను. పని వేళల తరువాత చేసుకోమన్నారు.

చెల్కలో ఒక్కచోటు నుంచే కాక నాలుగైదు చోట్ల నుంచి రాళ్లు తియ్యి. ఒక్కోటి వేరే పొట్లం కట్టి, ఎక్కడిదో పైన రాయి.

చిన్నమ్మ లేని ఇంటికి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. నీకు రాసినప్పుడల్లా చివర్లో ఆమెకు ఒక మాట రాసేదాన్ని, నువ్వు చదివి వినిపించేవాడివి. ఇప్పుడు కూడా చెయ్యి అక్కడికే పోయి ఆగింది.

నీ బిడ్డ
స్వర్ణలత


గుట్టకిందిపల్లె
2 జూలై 2023

బిడ్డా స్వర్ణా,

అయిదు పొట్లాలు పంపుతున్న. చెల్క నడుమది ఒకటి, బోరు కాడిది ఒకటి, వాగుల తెల్లరాయి ఒకటి, మీ చిన్నమ్మ బొంద పక్కది ఒకటి. అయిదోది మన తొండుపల్లి హద్దురాయి ముక్క. భూమి పోయిననాడు లారీల ఏసుకొచ్చి ఈడ చెల్క మూలకు పాతిన రాయి అది. నీకు యాదికుండకపోవచ్చు. లారీ డ్రైవరు నవ్విండు, రాళ్లు లేని ఊరికి పోతున్నవా తాతా అని. అప్పటికి నేను తాతను కాదు. ఆ పాత భూమిల ఏమున్నదో సుత చూడు. అడిగెటోళ్లు లేక ఇన్నేండ్లు ఊకున్న.

నువ్వు పిండి చేయాలె అన్నవు కదా. ఆడపిల్ల చేతులకు ఆ పని ఎందుకని నేనే చేసి పంపిన. సుత్తెతోని పలగ్గొట్టి, మీ చిన్నమ్మ కూసున్న కాడనే కూసోని నూరిన. తెల్లరాయి మస్తు సతాయించింది. మైదా లెక్క అయ్యేదాంక ఇడువలే. ఒక రాయి పొడి ఇంకోదాంట్ల కలువకుండ నడుమ నడుమ నీళ్లతోని కడిగిన, తుడిసిన. నీ కాకను తక్కువ అంచనా ఏయకు.

రేఖ చూసి, "మామా, రాళ్లు తొక్కు నూరుతున్నవా, రాత్రికి అదే పెడ్తవా" అన్నది. పెదాలు చూసి తెల్సుకున్న. చాన్నాళ్లకు ఇంట్ల ఒక నవ్వు వచ్చింది.

లక్ష్మణ్ పొట్లాలు చూసి మొఖం తిప్పుకున్నడు. పోస్టుకు మాత్రం వాడే తీసుకపోయిండు. వాడు చెడ్డోడు కాదు బిడ్డా. వాళ్లమ్మను దవాఖానల కిడ్నీ వార్డుల చూసినప్పటి సంది నీళ్ల గ్లాసును సుత అనుమానంగ చూస్తడు. ఆమెకు షుగరు ముందునుంచి ఉన్నది, దాంతోనే కిడ్నీలు పాడైనయని డాక్టరు చెప్పిండు. వాడు నమ్మడు. ఈ గుట్టనే తిన్నదంటడు.

మీ కాక


సాతంరాయి
20 ఆగస్టు 2023

కాకాకు,

పొట్లాలు అప్పుడే అందాయి. పొడి ఎంత మెత్తగా ఉందంటే రాళ్లను పొడి చేసే మా మిల్లు కూడా అలా చేయదు. మళ్లీ మిల్లులో వేసే పని లేకుండా నేరుగా డబ్బాల్లో నింపి మూశాను. గడువు అయ్యాక ఒక్కొక్కటీ పెట్టి చూశాను. నమ్మలేక రెండోసారి కూడా చూశాను.

చుట్టు తిప్పకుండా రాస్తున్నాను. అయిదింటిలోనూ యురేనియం మామూలు రాళ్లలో ఉండేదానికంటే ఎక్కువగా ఉంది. నడిమి రాయిలో ఉంది, బోరు దగ్గరి దానిలో ఉంది, చిన్నమ్మ పక్కన ఉన్న దానిలోనూ ఉంది. వాగులోని తెల్లరాయిలో అన్నింటికంటే ఎక్కువ. సారు చూసి సంతకం పెట్టారు. కాగితం ఇందులోనే ఉంది.

ముట్టుకుంటే ప్రాణం పోయే సంగతి కాదు. కానీ ఒక్కచోట కాక చెల్కంతా ఇలా ఉంటే, ఆ దుమ్ములో, ఆ నీళ్లతో, పుట్టబోయే బిడ్డతో అక్కడే ఉండమని నేను రాయలేను. రేఖ వదినకు వేరే నీళ్లు తెప్పించండి.

నచ్చినా నచ్చకపోయినా రాస్తానని మొదటే చెప్పాను. చెప్పడం సులువు. ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని లేచాను, మళ్లీ కూర్చున్నాను. మా ఇంట్లో అందరికంటే ముందు చదువుకున్నది ఇలాంటి కాగితం నీకు పంపడానికా అనిపించింది. అమ్మ అడిగితే ఫలితం ఇంకా రాలేదని చెప్పాను.

స్వర్ణలత


గుట్టకిందిపల్లె
1 సెప్టెంబర్ 2023

బిడ్డా,

నీ కాగితం చేరింది. ఇంగ్లీషుల ఉన్నది లక్ష్మణ్ సదివిండు, నీ ఉత్తరం నేను సదువుకున్న. మాట మాటే. అమ్ముతం.

నువ్వు దుఃఖపడకు. చెప్పమన్నది నేను, చెప్పినవు. లక్ష్మణ్ గెలిసిన అన్నట్టు ఏమీ ఎగరలే. ఆ పొద్దు అన్నం తినలే. తెల్లారి మాత్రం పక్కూరి సోమయ్యకు కబురు పెట్టిండు. సోమయ్య ఇటుకబట్టీకి జాగ కావాలంటుండు, తాగే నీళ్లతోని ఆయనకు పనిలేదు. పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్రమాస అయినంక బయానా పైసలు తీసుకుంటం. మీ చిన్నమ్మ ముత్తవ్వ పేరు మీద ఈ యేడే మొదటిసారి బియ్యం ఇచ్చుడు. ఆ ఒక్కటి ఈడ చేసి పోదామని అడిగిన. లక్ష్మణ్ సరే అన్నడు.

బొందను ఏం చేయాలె అని ఆలోచిస్తున్న. తోడి తీసుకపోవుడు మనకు లేదు. ఇడిసిపోతే పైనుంచి ఇటుకలు కాల్తయి. అవ్వ నాయినల మీద విమానాలు, ఈమె మీద బట్టీ. నేను ఎవరిని ఏడ పెట్టినా ఆ జాగ నిలుస్తలేదు.

ఒక్కటి మాత్రం నాకు సమజ్ కాలే. తొండుపల్లి హద్దురాయిల సుత అదే ఉన్నదని రాసినవ్. అంటే మేము పుట్టిన కాన్నుంచి ఇసం మీదనే ఉన్నమా? మా నాయిన ఎనభై దాటి బతికిండు. మీరు ఇప్పుడుంటున్న సాతంరాయి తొండుపల్లికి ఎంత దూరమని? అదే రాయి మీ ఇంటి కింద లేదా? ఉంటే, మేము ఈడికెల్లి లేచి ఆడికి వచ్చుడు ఎందుకు? ఇది కొట్లాటకు అడుగుతలేను. నిజంగ అడుగుతున్న.

మీ కాక


సాతంరాయి
12 సెప్టెంబర్ 2023

కాకాకు,

ఈ ఉత్తరం అందగానే సోమయ్యకు ఆగమని చెప్పు. లక్ష్మణన్నకు ఫోన్ చేసి నేనూ చెప్పాను. కానీ ఆయన నీకు ఏం చెప్పాడో తెలియదు.

నీ ప్రశ్న చదివి నేను సిగ్గుపడ్డాను. అది నాకు రావలసిన ప్రశ్న. ఇక్కడి గ్రానైటును రోజూ కొలుస్తాను. దానిలో ఏమి ఎంత ఉంటుందో నాకు కంఠస్థం. నీ హద్దురాయి ఫలితం దానితో సరిపోలేదు. అయినా కాగితం మీద అంకె చూశానే తప్ప ఆగి ఆలోచించలేదు.

ఆదివారం బాపును వెంటబెట్టుకుని తొండుపల్లి వైపు పోయాను. ఎయిర్‌పోర్టు గోడకు బయట, పాత దారి పక్కన, మన పొలాల్లోంచి తీసి పోసిన రాళ్ల కుప్ప ఇంకా ఉంది. బాపు అందులో చాలాసేపు వెతికి ఒక రాయి తీశాడు. "గిదే. మీ కాక పాతిన రాయి, గిది ఒక్క బండల నుంచే కొట్టినయి. గడ్డపార పట్టింది నేను" అన్నాడు. గోడ లోపల ఒక విమానం దిగుతుంటే తల తిప్పి చూడలేదు.

ఆ రాయిని మా మిల్లులో దంచి యంత్రంలో పెట్టాను. మూసి పెట్టకముందే తేడా తెలిసిపోయింది. కాకా, అందులో ఇక్కడి రాళ్లలో మామూలుగా ఉండేదే ఉంది. నీ పొడిలో ఉన్న ఎక్కువ యురేనియం అందులో లేదు. ఒకే బండలోంచి వచ్చిన రెండు ముక్కలు రెండు రకాలుగా ఉండవు.

సారు దగ్గరికి పోయాను. ఆయన ఒక్కటే అడిగారు. "ఎవరు దంచారు? దేనితో దంచారు?" నాకు జవాబు తెలియదు. మెత్తగా ఉందని మురిసిపోయి డబ్బాలు నింపాను.

అయిదు పొట్లాల్లోనూ ఒకే వస్తువు కలిసినట్టుంది. అది మీ ఇంట్లోనే కలిసింది. నూరడానికి ఏమి వాడావు? ఏ గిన్నెలో ఎత్తావు? ఏ గుడ్డలో కట్టావు? చిన్న విషయమని ఏదీ వదిలిపెట్టకు. చెల్కలోని రాళ్లను మళ్లీ పంపు, ఈసారి నూరవద్దు, పగలగొట్టవద్దు, ఉన్నవి ఉన్నట్టు పంపు. బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పంపు.

లక్ష్మణన్న ఫోన్‌లో కోపంగా ఉన్నాడు. "ఏంది చెల్లే, మొన్న ఉన్నదంటివి, ఇయ్యాల లేదంటవా? మా బాపు ఉత్తరంల ఏడిస్తే రాళ్లు మంచిగైతయా?" అన్నాడు. "లేదని చెప్పడం లేదు అన్నా, తెలియదని చెబుతున్నాను" అన్నాను. "గప్పుడు తెల్సి, గిప్పుడు తెల్వకపాయెనా" అని పెట్టేశాడు. ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

స్వర్ణలత


గుట్టకిందిపల్లె
22 సెప్టెంబర్ 2023

బిడ్డా స్వర్ణా,

సోమయ్యను ఆపిన. లక్ష్మణ్ నాతోని మాట్లాడుత లేడు. నాకు వినబడదు గనుక పెద్ద తేడా లేదు గని, ఎదురుంగ కూసుంటలేడు.

నువ్వు అడిగినయి చెప్త. గిన్నె స్టీలుది, కొత్తది. గుడ్డ ఉతికిన తువ్వాల. నూరింది మీ చిన్నమ్మ సన్నెకల్లు మీద. ఆ సన్నెకల్లు తొండుపల్లిది. పెండ్లిల ఆమె కాలు పెట్టి తొక్కింది దాన్నే. దాని మీద నూరే గుండ్రాయి మాత్రం పాతది కాదు. పాతది ఈ ఊరికొచ్చేటప్పుడు లారీల పగిలింది. తర్వాత కొన్నేండ్లకు గుట్ట మీద క్యాంపు పడ్డది. లక్ష్మణ్ ఆడ కూలికి పోయిండు. వాళ్లు మిషనుతోని భూమిల నుంచి గుండ్రటి రాయి తీస్తరు కదా, నున్నగ, రోకలి లెక్క. పగిలిన ముక్కలు ఆడనే పారేసేది. అందుల ఒక నల్లటి ముక్కను ఏరి వాళ్లమ్మకు తెచ్చిచ్చిండు. కొత్త గుండ్రాయి తెచ్చిన అవ్వా అని. ఎంత సంబరపడ్డదో. ఊర్ల అందరికి చూపిచ్చింది, నా కొడుకు తెచ్చిండు అని. ఎల్లిగడ్డ కారం, నువ్వుల తొక్కు, ఏదైనా దానితోనే. రేఖ మిక్సీ తెచ్చుకున్నా ఆమె ముట్టలే. ఆమె పోయినంక నేనే నూరుకుంటున్న. ఆ రాయి పట్టుకుంటే ఆమె చెయ్యి పట్టుకున్నట్టు ఉంటది.

నీ ఉత్తరం సదివి నేను దాన్ని చేతిలకు తీసుకున్న. ఆ గుట్ట లోపలి రాయి నా వంటింట్ల ఉన్నదని ఇన్నేండ్ల సంది కంటితోని చూస్తనే ఉన్న. ఒక్కనాడు సుత మతికి రాలే. అది గుండ్రాయి. దాన్ని ఎవరన్న రాయి అనుకుంటరా?

దాన్ని ఆమె చీరల చుట్టి పంపుతున్న. చెల్క రాళ్లు కడిగి, నూరకుండ వేరే డబ్బాల పెట్టిన. నీళ్ల సీస సుత ఉన్నది.

ఇప్పుడు నేను అడిగేదానికి నిజం రాయి. ఆమెను అదే తిన్నదా?

ఏది రాసినా లక్ష్మణ్‌కు చెప్పకు. వాడు తెచ్చిన రాయి అది. నీ కాళ్లు మొక్కుత బిడ్డా, ఆ కాగితంల గుండ్రాయి మాట రానియ్యకు.

మీ కాక


సాతంరాయి
7 అక్టోబర్ 2023

కాకాకు,

పార్శిల్ చేరింది. గుండ్రాయిని అలా పోస్టులో పంపకుండా ఉండాల్సింది. నేనే ముందుగా చెప్పాల్సింది. ఇప్పుడు అది మా దగ్గర సీసపు అరలో భద్రంగా ఉంది. చిన్నమ్మ చీరను విడిగా పరీక్షించాను. అందులో ఏమీ లేదు. దాన్ని అమ్మ దగ్గర పెట్టాను.

ముందు చెల్క సంగతి. మా మిల్లును కడిగి, నీ రాళ్లను నేనే దంచాను. నాలుగింటిలోనూ ఎక్కువేమీ లేదు. మూసి పెట్టిన డబ్బాల ఆఖరి లెక్క నవంబరులో వస్తుంది. కానీ ఇప్పటికి కనిపిస్తున్నది పెద్దగా మారదని సారు కూడా అన్నారు. బోరు నీళ్లు తాగడానికి ఉండవలసిన హద్దులోనే ఉన్నాయి. తెల్లరాయిలో ఎందుకు అన్నింటికంటే ఎక్కువ వచ్చిందో కూడా తెలిసింది. అది చాలా గట్టి రాయి, దాన్ని నూరేటప్పుడు గుండ్రాయి ఎక్కువ అరిగింది. మొదటి కాగితం తప్పు. దాన్ని రద్దు చేసి కొత్తది పంపుతున్నాను. సోమయ్యకు లేదని చెప్పవచ్చు. గుట్ట మీద మళ్లీ బోర్లు వేస్తారో లేదో నేను చెప్పలేను. మీ చెల్కలో మీరు ఉండవచ్చని మాత్రం చెప్పగలను.

గుండ్రాయిలో యురేనియం ఉంది. చాలా ఉంది. ఇక దానితో ఏమీ నూరవద్దు. అలాంటి ముక్కలు ఊళ్లో ఇంకెవరి ఇళ్లలోనైనా ఉంటే, వాళ్లకూ ఈ మాట చెప్పు.

ఇప్పుడు నువ్వు అడిగింది.

నాకు తోచినది ఒక్కటే. శనివారం అందరూ వెళ్లిపోయాక, సారు అనుమతి తీసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొత్త సన్నెకల్లు మీద ఆ గుండ్రాయితో ఎల్లిగడ్డ కారం నూరాను. మిరపకాయలు, ఎల్లిగడ్డలు, ఉప్పు, చిన్నమ్మ వేసినట్టే. ఆమె మోకాలు ఆనించి, ముందుకూ వెనక్కీ ఊగుతూ నూరేది కదా, అలాగే నూరాను. ప్రయోగశాల అంతా వంటింటి వాసన వచ్చింది. ఆ కారాన్ని డబ్బాలో పెట్టి యంత్రంలో రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే, ఖాళీ డబ్బా పెడితే ఎంత చూపిస్తుందో, దాదాపు అంతే చూపించింది. రాయిని రాయితో నూరితే అరిగినట్టు, మిరపకాయతో నూరితే అరగదు.

ఇంతవరకు నాకు తెలిసింది. తెలియనిది కూడా రాస్తాను. నేను ఒక్కసారి నూరాను. ఆమె ఏళ్ల తరబడి రోజూ నూరింది. ఉప్పుగళ్లు ఎన్ని వేసేదో, కొత్తలో ఆ రాయి ఎంత అరిగిందో ఎవరూ కొలవలేదు. ఆమెకు షుగరు ఆ రాయి రాకముందు నుంచే ఉంది. కిడ్నీలు దానివల్లే పాడయ్యాయని డాక్టరు అన్నాడు. అది నిజమయ్యేందుకే ఎక్కువ వీలుంది. కానీ ఈ రాయి పాత్ర ఏమాత్రమూ లేదా అంటే, లేదని రాయడానికి నా దగ్గర కొలత లేదు. తెలియదు కాకా. ఎన్నటికీ తెలియకపోవచ్చు.

గుండ్రాయి మాట కాగితంలో లేకుండా చేయలేను. పాత కాగితం ఎందుకు తప్పయిందో కొత్త కాగితం చెప్పాలి. ఆ ఒక్క వరుస తీసేస్తే, మిగిలిన వరుసలను కూడా లక్ష్మణన్న నమ్మడు, నమ్మకూడదు కూడా. కాళ్లు మొక్కుతానని రాశావు. నాకు అలా రాయకు. కాగితం నీ పేరుమీదే పంపుతున్నాను. ఎవరు చదవాలో, ఎప్పుడు చదవాలో నువ్వే చూసుకో.

చిన్నమ్మకు ఇచ్చే బియ్యంలో మా ఇంటి గుప్పెడు కూడా ఉండాలని అమ్మ చిన్న సంచి కట్టింది. దీనితోనే వస్తుంది.

స్వర్ణలత


గుట్టకిందిపల్లె
18 అక్టోబర్ 2023

బిడ్డ స్వర్ణలతకు,

కాగితం, బియ్యం పెత్రమాసకు ముందే చేరినయి. పెత్రమాసనాడు పొద్దుగాల మీ అమ్మ పంపిన గుప్పెడు కలిపి ముత్తవ్వ పేరు మీద ఇచ్చినం. మాపటికి రేఖ వాకిట్ల బతుకమ్మ పేర్సింది. కడుపుతోని వంగనీకి చాతనైత లేదని పూలు నేను అందిచ్చిన.

కాగితం దాసిపెడదామనే అనుకున్న. చొక్కా జేబుల పెట్టుకోని తిరిగిన. గని బిడ్డా, వాడు నన్ను చూసి మొఖం తిప్పుకుంటుంటే, సదువుకున్న పిల్ల మాట మార్చిందని ఊర్ల చెప్తుంటే, ఎన్ని దినాలని ఓర్వాలె. నా కొడుకును కాపాడబోయి నిన్ను అబద్ధాలదాన్ని చేస్తున్నట్టైంది. బియ్యం ఇచ్చినంక బొంద కాడికి తీసుకపోయి వాని చేతిల పెట్టిన.

నిలవడి సదివిండు. గుండ్రాయి వరుస కాడికి వచ్చినంక ఆగిండు. నాకు తెల్సింది, చూస్తనే ఉన్న. తర్వాత నీ ఉత్తరం సుత అడిగిండు, ఇచ్చిన. మొత్తం సదివి, కింద కూసున్నడు. నేను భుజం మీద చెయ్యేసిన, తియ్యలే. బాపూ, నేనే తెస్తి కదా అన్నడు. నేనే నూరిపిస్తి కదరా, తొక్కు లేకుంటే ముద్ద దిగకపోయేది నాకు అన్న.

సోమయ్యకు వాడే ఫోన్ చేసి లేదన్నడు. తెల్లారి ఊర్లకు పోయి ఇండ్లిండ్లు తిరిగిండు. అసుంటియి ఇంకా నాలుగు దొరికినయి. ఒకటి ఒకల తలుపుకు అడ్డం పెట్టిండ్రు, ఒకదానితోని పిల్లలు ఆడుకుంటుండ్రు. అన్ని ఒక డబ్బాల ఏసి, మూత బిగిచ్చి, ఇండ్లకు దూరంగ పెట్టిండు. వాటిని ఎవరికి అప్పజెప్పాలె అని నీకు ఫోన్ చేస్త అన్నడు. చేస్తే జర మంచిగ మాట్లాడు.

ఆ గుండ్రాయి నాకు తిరిగి పంపకు. సన్నెకల్లు మాత్రం మంచిగ కడిగి, ఆమె తలాపున పెట్టినం. దాని మీద ఇగ ఎవరం నూరం.

బిడ్డా, నువ్వు లేదని రాసినా నేను నమ్మకపోదును. నా మనసు కోసం రాసినవ్ అనుకుందును. తెల్వదని రాసినవ్. గందుకే కడమది నమ్ముతున్న, ఈ జాగ మంచిదని, ఈ నీళ్లు మంచియని. ఈ పొద్దు సుత ఆ బోరు నీళ్లే తాగిన.

ఆ దినం లేచి వద్దామనంగ, లక్ష్మణ్ నీ ఉత్తరం మల్ల తీసిండు. ఈసారి బొంద దిక్కు తిరిగి, నోరు తెరిసి, గట్టిగ సదివిండు. మెడ నరాలు కనబడ్డయి, గంత గట్టిగ. నాకు వినబడదని వానికి తెల్సు. అయినా మొదటికెల్లి ఆఖరు దాంక సదివిండు.

మీ కాక
పెంటయ్య